కొసరు ఎవరి సొమ్ము?

మన సంఘం సమావేశాల్లో భోజనాల వేళ తరచుగా వినిపించే మాటలు రెండు. మొదటిది పిల్లల చదువులు. రెండవది ఏ వస్తువు ఎవరికి ఎక్కడ ఎంత చవకగా దొరికిందన్నది. ఈ రెండవ విషయంలో మేము కూడా ఎవరికీ తీసిపోయే వాళ్ళం కాము. బియ్యం బస్తా మొదలుకొని విమానం టికెట్టు దాకా నాలుగు చోట్ల విచారించకుండా కొన్నది లేదు. కనుక ఇది పొదుపును నిందించే వ్యాసమని ఎవరూ అనుకోవద్దని ముందుగానే మనవి చేసుకుంటున్నాం. చెప్పబోయేది మేము చేసిన ఒక చవక బేరం సంగతి. అందులో మాకు 17 పౌండ్లు మిగిలినట్టే మిగిలాయి. అవి న్యాయంగా ఎవరివన్న ప్రశ్న మాత్రం మూడేళ్ళు దాటినా మా ఇంట్లో తెగలేదు.

2022 చలికాలంలో, 2015లో కొన్న మా ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించింది. మీట నొక్కి, లోపలికి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చి, సగం తాగినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. కొత్తది కొందామంటే ఐదారు వందల పౌండ్ల మాట. మా ఊరి హై స్ట్రీట్ పక్క సందులో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. నడిపేది ఒక గుజరాతీ ఆయన. 1972లో ఇదీ అమీన్ ఆసియా వాళ్ళను యుగాండా నుంచి వెళ్ళగొట్టినప్పుడు వాళ్ళ నాన్నగారు కంపాలాలో కొట్టు వదిలేసి ఈ దేశం వచ్చారట. దుకాణం గోడల నిండా కేబుళ్ళు, కీబోర్డులు, ఛార్జర్లు వేలాడుతుంటాయి. బల్ల మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి యంత్రం పొట్ట విప్పి ఉంటుంది.

ఆయన మా ల్యాప్‌టాప్ వెనక మరలు విప్పి, ఆన్ చేసి, కాసేపు చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తరువాత అరగంటసేపు మాకు అర్థమయ్యేటట్టు వివరించారు. ఆయన చెప్పినదాన్ని మన వంటింటి భాషలోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది. ర్యామ్ అనేది వంటగది గట్టు, డిస్కు అనేది సామాను పెట్టుకునే కొట్టుగది. గట్టు చిన్నదైతే, పోపుల డబ్బా దించి పప్పు గిన్నె పెట్టాలి, పప్పు గిన్నె దించి పోపుల డబ్బా పెట్టాలి. ప్రతిసారీ కొట్టుగదికి నడవాలి. మా యంత్రంలో గట్టు 4 జీబీ మాత్రమే. కొట్టుగదేమో పాత పద్ధతి హార్డ్ డిస్కు. అందులో పళ్ళెం తిరగాలి, దాని మీద ముల్లు సరైన చోటికి జరగాలి, అప్పుడు గాని సమాచారం అందదు. కదిలే భాగాలేవీ లేని ఎస్.ఎస్.డి. పెట్టి, ర్యామ్‌ను 8 జీబీ చేస్తే చాలు. కొత్తది కొననక్కరలేదు అన్నారు. ఒక చీటీ మీద రెండింటి వివరాలూ రాసి ఇచ్చారు. ఎస్.ఎస్.డి. 45 పౌండ్లు, ర్యామ్ 30, అమర్చినందుకు 20. మొత్తం 95.

"ఆలోచించుకుని వస్తామండీ" అన్నాం. ఈ మాటకు అర్థం మనందరికీ తెలుసు.

ఇంటికి వచ్చి, ఆ చీటీని పక్కన పెట్టుకుని, ఇంటర్నెట్టులో వెతికాం. 75 పౌండ్ల సామాను అక్కడ 58కి వచ్చింది. 17 పౌండ్లు ఆదా. అమర్చుకోవడం మేమే చేసుకుంటే ఇంకో 20 కలిసివస్తుంది. శనివారం సామాను వచ్చింది. చిన్న స్క్రూడ్రైవరుతో మరలు విప్పి, ముందుగా ర్యామ్ అమర్చాం. చక్కగా కూర్చుంది. మీట నొక్కితే దీపం వెలిగింది గాని, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

కారణం ఒక్క అక్షరం. చీటీలో ఆయన డి.డి.ఆర్.3ఎల్ అని స్పష్టంగానే రాశారు. మేము చివరి 'ఎల్' గమనించకుండా డి.డి.ఆర్.3 తెప్పించాం. రెండూ ఒకే ఆకారం, ఒకే గాడి. కాని మొదటిది 1.35 వోల్టులతో కూడా నడుస్తుంది, రెండవదానికి 1.5 వోల్టులు కావాలి. మా యంత్రం ఇచ్చేది 1.35 మాత్రమే. చివరికి ఆ పొట్ట విప్పిన ల్యాప్‌టాప్‌ను ఒక సంచిలో వేసుకుని మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళాం. ఏ మొహం పెట్టుకుని వెళ్ళామో చదువరులు ఊహించుకోవచ్చు.

ఆయన సంచిలో ఉన్న ర్యామ్‌ను చూశారు, అది వచ్చిన కవరును చూశారు. ఏమీ అనలేదు. సొరుగులోంచి సరైనది తీసి పెట్టారు. మా పాత ఫైళ్ళన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించి మరుసటి రోజు ఇచ్చారు. ర్యామ్‌కు 30, పనికి 20 తీసుకున్నారు. మేము తప్పుగా తెప్పించినది తిప్పి పంపేశాం. చివరి లెక్కలో మాకు మిగిలింది ఎస్.ఎస్.డి. మీద 9 పౌండ్లు.

ఇక్కడితో ఆపితే ఇది పిల్లలకు చెప్పే నీతికథ అయిపోతుంది. అతి తెలివికి పోయారు, దెబ్బ తిన్నారు, బుద్ధి తెచ్చుకున్నారు. కాని అసలు ప్రశ్న అది కాదు. ఆ 'ఎల్' మేము గమనించి ఉంటే ఏమయ్యేది? మొత్తం 37 పౌండ్లు మిగిలేవి, ఆ దుకాణం మెట్టు మళ్ళీ ఎక్కేవాళ్ళం కాము, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అప్పుడు మేము చేసింది సరైనదే అయ్యేదా? దెబ్బ తిన్నప్పుడే తప్పు, తినకపోతే ఒప్పు అనేది బేరం లెక్క. ధర్మం లెక్క అది కాదు.

ఈ విషయమై మా ఇద్దరి మధ్యా చాలా వాదన జరిగింది. మాలో ఒకరి పక్షం ఇది. కొనేవాడికీ అమ్మేవాడికీ బేరం కుదిరేదాకా ఎవరి బాధ్యతా లేదు. ఆయన తలుపు తెరిచి కూర్చున్నదే నలుగురూ వచ్చి అడగాలని. అడిగిన పదిమందిలో కొందరు కొనరని ఆయనకూ తెలుసు. సలహా చెప్పడం ఆయనకు ఒక రకం ప్రకటన ఖర్చు. పైగా ఈ దేశపు చట్టమే ఇంటర్నెట్టులో కొన్నవాడికి, 2013 నాటి నిబంధనల ప్రకారం, వస్తువు అందిన 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు ఇచ్చింది. లోపం లేని వస్తువు విషయంలో దుకాణంలో కొన్నవాడికి అలాంటి హక్కు లేదు. అటు కొనడం తెలివైన పనే గాని పాపం ఎలా అవుతుంది?

ఈ వాదనలో చాలా వరకు నిజమే. ఇంటర్నెట్టులో కొనడం తప్పని మేమూ అనము. పోస్టులో తెప్పించుకోవడం ఈ దేశంలో కొత్తదీ కాదు. 1981లో క్లైవ్ సింక్లేర్ జడ్.ఎక్స్.81 అనే గృహ కంప్యూటరును విడి భాగాలుగా అయితే 49.95 పౌండ్లకు, బిగించినదైతే 69.95కు అమ్మినప్పుడు, ముందుగా అమ్మింది పోస్టు ద్వారానే. ఆ రోజుల్లో పిల్లలకోసం అది కొన్న పెద్దలు మనలో ఇప్పటికీ ఉంటారు. దాని జ్ఞాపకశక్తి ఒకే ఒక్క కేబీ. అది చాలక, వెనకాల తగిలించే 16 కేబీల డబ్బా విడిగా కొనుక్కునేవారు. బల్ల కాస్త కదిలితే ఆ డబ్బా ఊగి, పిల్లవాడు గంటసేపు టైపు చేసినదంతా గాలిలో కలిసిపోయేది. దాన్ని బ్లూ టాక్‌తో అంటించి నెట్టుకొచ్చిన ఇళ్ళు ఎన్నో. ఇంటి కంప్యూటరు ఎంత పాతదో, దానికి తక్కువ ఖర్చులో అదనపు హంగులు చేర్చుకోవడం కూడా అంత పాతది. పోస్టు బేరమూ దుకాణం బేరమూ అప్పటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి. కనుక తప్పు ఇంటర్నెట్టుది కాదు.

నాలుగు దుకాణాల్లో ధర అడగడం కూడా తప్పు కాదు. సెలవులకు వెళ్ళినప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళని కంప్యూటరు మనిషి ఉండడు. అక్కడ వరసగా ఉన్న కొట్లలో ఒక కీబోర్డు ధర నలుగురిని అడిగి ఐదోవాడి దగ్గర కొంటాం. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ధర చెప్పడానికి అరనిమిషం పడుతుంది, అందులో దాపరికం లేదు. మరి మేము ఆ గుజరాతీ ఆయన దగ్గర తీసుకున్నది ధర మాత్రమేనా?

మాలో రెండవవారి పక్షం ఇక్కడే మొదలవుతుంది. పరీక్ష చాలా తేలిక. మనసులో ఉన్న మాటను ముందే పైకి చెప్పి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. "అయ్యా, ఈ యంత్రానికి వచ్చిన జబ్బేమిటో మీరు చూసి చెప్పండి, కావలసిన సామాను చీటీ మీద రాసివ్వండి, మేము మాత్రం వేరే చోట కొనుక్కుంటాం" అని గుమ్మంలోనే చెప్పి ఉంటే, ఆయన తన అరగంట మాకు ఇచ్చేవారా? ఇచ్చేవారేమో, కాదనలేం. కాని మేము ఆ మాట అడగలేదు. అడిగితే ఇవ్వరేమోననే అడగలేదు. ఏ మాట పైకి చెబితే ఎదుటివాడు తన చెయ్యి వెనక్కు తీసుకుంటాడో, ఆ మాట దాచి ఆ చేతిలోది తీసుకోవడానికి మన భాషలో మంచి పేరు లేదు.

ఈ పరీక్షకు ఒక మినహాయింపు ఉంది. లోపలికి అడుగుపెట్టినప్పుడు నిజంగానే ఎక్కడ కొనాలో తేల్చుకోకపోతే అందులో మోసం లేదు. మేము కూడా అలాగే వెళ్ళామని మాలో మొదటివారు ఇప్పటికీ అంటారు. ఒప్పుకుందాం. అయినా, ఆ చీటీని బల్ల మీద పెట్టుకుని ఇంటర్నెట్టులో వెతుకుతున్న క్షణంలో ఒక బాకీ పుట్టింది. మోసం లేకపోయినా బాకీ ఉండవచ్చు.

మన ఊళ్ళలో కొసరు అని ఒకటి ఉంది. మా చిన్నప్పుడు కూరగాయల తట్ట దించిన అవ్వ దగ్గర కిలో వంకాయలు తూయించుకుని, "కరివేపాకు రెబ్బ వెయ్యవే" అని అడిగేవారు ఇంట్లో పెద్దవాళ్ళు. ఆమె సణుగుతూనే వేసేది. ఆ రెబ్బకు విడిగా ధర లేదు, కాని అది ఊరికే వచ్చింది కాదు. దాని ధర వంకాయల్లో ఉంది. వంకాయలు పక్క తట్టలో కొని, కరివేపాకు కొసరు మాత్రం ఈ అవ్వను అడిగినవాళ్ళను మేము చూడలేదు. మేము ఆ దుకాణంలో చేసింది సరిగ్గా అదే. సలహా కొసరు. దాని ఖరీదు సామానులో కలిసి ఉంది. అసలు వేరే చోట కొని, కొసరు మాత్రం ఇక్కడ పట్టుకుపోయాం.

అక్కడా ఇక్కడా ధరలో తేడా ఎందుకు వచ్చిందో చూసినా ఇదే తేలుతుంది. ఆ 17 పౌండ్లలో దుకాణం అద్దె ఉంది, బిజినెస్ రేట్స్ ఉన్నాయి, బల్ల మీద దీపం ఉంది, ఆయన ఇన్నేళ్ళుగా నేర్చుకున్న విద్య ఉంది. గోదాములోంచి పెట్టె పంపేవాడు మా యంత్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినలేదు. వినలేదు గనుకనే చవకగా ఇవ్వగలిగాడు.

ఈ సంగతి మనకు ఎవరో చెప్పాలా? మనలో వైద్యులు ఎక్కువ, ఇంజనీర్లు ఎక్కువ, లెక్కలు రాసేవాళ్ళు, కంప్యూటరు ఉద్యోగులు ఎక్కువ. మనం ఇంత దూరం వచ్చి బతుకుతున్నది సరుకు అమ్మి కాదు, తెలిసినది అమ్మి. ఉగాది భోజనాల వరసలో పులిహోర వడ్డించుకుంటూ "ఒక్క మాట డాక్టరు గారూ" అని మోకాలు చూపించనివారెవరు? "మీరు కంప్యూటరు వాళ్ళు కదా" అని పాడైన ప్రింటరును ఇంటికి మోసుకురానివారెవరు? మనవాళ్ళు విసుక్కోకుండా చెబుతారు, ఎందుకంటే అక్కడ లెక్క వేరు. ఈరోజు మోకాలు చూసిన డాక్టరుగారికి రేపు మనం పన్ను కాగితాలు నింపిపెడతాం, వాళ్ళ పిల్లను ఎయిర్‌పోర్టులో దింపి వస్తాం. ఆ గుజరాతీ ఆయనకూ మనకూ మధ్య ఆ రాకపోకలు లేవు. ఆయన ఎదురుచూసే ప్రతిఫలం ఒకటే, కొనడం.

డాక్టరు రాసిన చీటీని ఏ మందుల షాపుకైనా తీసుకుపోతాం గదా అని మాలో మొదటివారు అడ్డుపడ్డారు. నిజమే, తీసుకుపోతాం. ఎందుకంటే డాక్టరుకు రావలసింది వేరే దారిన వచ్చింది. మందుల మీద లాభంతోనే బతకవలసిన డాక్టరైతే, ఆయన చీటీ గురించి కూడా ఇలాగే ఆలోచించవలసి వచ్చేది. అంతకన్నా ముందు, ఆయన రాసే మందుల గురించి మనకు అనుమానం వచ్చేది.

మాకు ముఖ్యంగా తోచిన విషయం ఇదే. సలహా ఖరీదు సామానులో కలిపి తీసుకునే పద్ధతిలో ఎక్కువ అమ్మేవాడికి ఎక్కువ వస్తుంది, నిజం చెప్పేవాడికి తక్కువ వస్తుంది. "మీకు ఇది అక్కరలేదు" అన్నది ఏ దుకాణదారైనా ఇవ్వగల సలహాల్లో అన్నిటికన్నా విలువైనది. ఆయనకు దానివల్ల ఒక్క పెన్నీ రాదు. మేము ఒకసారి టెలివిజన్‌కు బంగారు పూత పూసిన ఖరీదైన హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ అడిగితే, ఇదే ఆయన, "రెండు మీటర్ల దూరానికి ఇదీ అదీ ఒకటే. డిజిటల్ సంకేతం చేరితే బొమ్మ సరిగా వస్తుంది, చేరకపోతే చెడుతుంది. పూత వల్ల రంగులు పెరగవు" అని తక్కువ ధరది చేతిలో పెట్టారు. ల్యాప్‌టాప్ విషయంలోనూ కొత్తది కొనిపించడం ఆయనకు చేతకాక కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతం మాత్రమే. మా ల్యాప్‌టాప్ ఆ గుట్టలో చేరకుండా ఆపినది ప్రభుత్వం కాదు, ఒక సందులో దుకాణదారు చెప్పిన ఒక్క నిజం. ఆ నిజానికి మేము కట్టిన ఖరీదు సున్న.

అందరూ ఇలా సున్న కడితే ఏమవుతుంది? నిజం చెప్పేవాడి కొట్టు మూతపడుతుంది. మిగిలినవాడు, అడిగిన ప్రతివాడికీ కొత్త యంత్రం కొనమనే చెబుతాడు. అప్పుడు వ్యాపారస్తుల్లో నీతి లేదని మనమే భోజనాల దగ్గర చెప్పుకుంటాం.

ఇలా అన్నామని, పక్క సందు దుకాణమైతే చాలు, ఎంత అడిగితే అంత ఇచ్చి రావాలని మా ఉద్దేశం కాదు. అక్కరలేనివి అంటగట్టేవాడికీ, పాత భాగం వేసి కొత్తదని చెప్పేవాడికీ మనం ఏమీ బాకీ లేము. దుకాణాలను బతికించడం ధర్మకార్యం అని కూడా మేము అనము. నెల గడవడం కష్టంగా ఉన్న చదువుకునే పిల్లవాడు 17 పౌండ్లు చూసుకుంటే వాడిని తప్పు పట్టలేం. మనం అనవలసింది ఒక్కటే. ఒకరి శ్రమ మనకు ఉపయోగపడింది అని మనకు తెలిసినప్పుడు, అది ఉచితం అని నటించకూడదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలి. మా 2015 నాటి యంత్రానికి ఆ అర్హత లేదు. ఆ శరత్కాలంలో దాన్ని పట్టుకుని మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాం. ఈసారి సంచి విప్పకముందే చెప్పాం. "మేము ఈరోజు ఏమీ కొనకపోవచ్చు. చూసి, ఏం చెయ్యాలో చెప్పినందుకు ఎంత తీసుకుంటారు?"

ఆయన కాస్త తడబడ్డారు. "చూడడానికి ఏమీ లేదండీ, పని చేస్తేనే" అన్నారు. "చూడడమే గదా పని" అన్నాం. అడిగి తెలుసుకున్నారు, మేము ఆ యంత్రంతో చేసేదేమిటని. ఉత్తరాలు, వార్తలు, ఆదివారం ఇండియాలో వాళ్ళతో వీడియోలో మాట్లాడడం. అంతే అయితే లినక్స్ మింట్ చాలు, అది ఉచితం, ముందు పెన్‌డ్రైవ్ మీదనుంచి నడిపి చూసి, నచ్చితేనే లోపల ఎక్కించుకోండి అన్నారు. అక్కడే నడిపి చూపించారు. ఈసారి కూడా ఆయన సలహా వల్ల ఆయన అమ్ముకున్నది ఏమీ లేదు. మేము పట్టుబట్టిన మీదట 15 పౌండ్లకు బిల్లు రాశారు. బిల్లులో ఏమని రాయాలని కలం పట్టుకుని ఆగారు. సలహా అని రాయమన్నాం. కాసేపు ఆలోచించి 'లేబర్' అని రాశారు.

వచ్చేముందు మూడేళ్ళ క్రితం నాటి ర్యామ్ సంగతి ఎత్తాం. తనకు గుర్తు లేదన్నారు. నిజంగానే గుర్తు లేదో, తరతరాలుగా వ్యాపారం చేసిన ఇంటి మర్యాదో మాకు తెలియదు. ఆయన మరిచిపోయినంత మాత్రాన మా బాకీ తీరలేదని మాలో రెండవవారు అంటున్నారు. 15 పౌండ్లతో తీరిపోయిందని మొదటివారు అంటున్నారు. ఈ విషయంలో మన పాఠక మిత్రులు ఏమంటారో, ముఖ్యంగా రోజూ తమ విద్యను గంటల లెక్కన అమ్ముకునేవారు ఏమంటారో, వచ్చే సంచికకు రాసి పంపవలసిందిగా కోరుతున్నాం.